మైక్రోవేవ్ ఓవెన్ మొరాయిస్తే మనం చేయదగినది ఎంతవరకు?

ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా ప్లగ్ తీసేసి, స్క్రూ డ్రైవర్ పట్టుకొని విప్పి చూడటం మనలో చాలామందికి అలవాటు. మిక్సీకైతే ఇది చెల్లుతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌కు చెల్లదు. ప్లగ్ తీసిన తర్వాత కూడా దానిలోపల ప్రాణం తీయగల కరెంటు నిలవ ఉండవచ్చు.

చాలా ఓవెన్లలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ మన 230 వోల్టులను సుమారు 2,000 వోల్టులకు పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దానిని ఇంచుమించు రెట్టింపు చేసి, మైక్రోతరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్‌కు అందిస్తాయి. ఈ కెపాసిటర్ తొట్టిలో నీళ్ళలాగా కరెంటును పట్టి ఉంచుతుంది. దానిని ఖాళీ చేసే రెసిస్టర్ సాధారణంగా లోపలే ఉంటుంది గాని, అది పాడైతే బయటకు తెలియదు. అందుచేత పై రేకు కవరు విప్పవద్దని మేము గట్టిగా చెబుతున్నాము.

కవరు విప్పకుండా చూడదగినవి చాలా ఉన్నాయి. ఓవెన్ అసలు వెలగకపోతే అదే సాకెట్‌లో వేరే వస్తువు పెట్టి చూడండి. తలుపు గొళ్ళెం దగ్గర మెతుకులు, జిడ్డు చేరితే తలుపు సరిగా పడదు, ఓవెన్ మొదలవదు. పళ్ళెం తిరగకపోతే కింది చక్రాల రింగు కడిగి, సరిగా అమర్చండి.

లోపల నిప్పురవ్వలు వస్తే వెంటనే ఆపండి. జరీ అంచు కప్పు, రేకు కాగితం లేవు గదా? అయితే లోపలి పక్క గోడకున్న అట్టలాంటి పలకను చూడండి. అది అభ్రకం, మన గూడూరు గనులకు పేరు తెచ్చిన ఖనిజమే. జిడ్డు పట్టి మాడితే రవ్వలు వస్తాయి. ప్లగ్ తీసి తడిగుడ్డతో తుడవండి. చిల్లు పడితే కొత్త పలక కొని, పాతదాని కొలతకు కత్తెరతో కత్తిరించి అమర్చుకోవచ్చు.

వేడి చాలదని అనుమానమా? గాజు కప్పులో 250 మి.లీ. నీళ్ళు పెట్టి, పూర్తి పవర్‌లో 2 నిమిషాలు ఉంచండి. నీళ్ళు పొగలు కక్కాలి. ఎండాకాలం వోల్టేజీ పడిపోయినా వేడి తగ్గుతుంది, అది ఓవెన్ తప్పు కాదు. లైటు వెలిగి, పళ్ళెం తిరిగి, నీళ్ళు మాత్రం చల్లగానే ఉంటే లోపం ఆ పెద్ద వోల్టేజీ భాగంలోనే ఉండవచ్చు. మెకానిక్‌ను పిలవండి. తలుపు వంగినా, బందు విరిగినా బాగుచేయించేవరకు వాడవద్దు.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి. అంతవరకు వారిని ముట్టుకోవద్దు. ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, రొమ్ము మధ్య రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు బలంగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చొని, వేలిమీద చిన్న మచ్చ తప్ప ఏమీ లేదన్నా ఆసుపత్రికి తీసుకురండి. కరెంటు గుండె లయను తప్పించి ఉండవచ్చు, అది ఇ.సి.జి. తీస్తేనే తెలుస్తుంది.