ఓడ ఎక్కే ముందు ఒక మాట

మన ఉద్దానం పల్లెల నుంచి, పలాస, టెక్కలి పట్టణాల నుంచి అండమాన్ వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు చాలామంది. వాళ్ళను చూడటానికి విశాఖలో ఓడ ఎక్కే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఓడలో వాంతులు కాకుండా మాత్రేదైనా ఉందా డాక్టరు బాబూ?"

ఉంది. కాని ముందు ఈ సంగతి వినండి.

కవిటి వైపు పెద్దాయన ఒకరు పోర్టుబ్లెయిర్‌లో కొడుకును చూసి బంక్ క్లాసులో తిరిగి వస్తున్నారు. గాలి ఆడని హాలు, డీజిలు వాసన. మొదటి రాత్రే వాంతులు పట్టుకున్నాయి. తాగితే మళ్ళీ వాంతి అవుతుందని నీళ్ళు మానేశారు. తలనొప్పికి పక్కవారిచ్చిన నొప్పి మాత్రలు పూటకొకటి మింగారు. నా దగ్గరకు వచ్చేసరికి మూత్రం బాగా తగ్గిపోయింది. అంతకుముందు 2 ఉన్న క్రియాటినిన్ 5 అయింది. పది రోజులు ఆసుపత్రిలో ఉంటే 3కు దిగింది. మళ్ళీ 2కు రాలేదు.

ఓడలో వికారం ఎందుకు? గదిలో కూర్చుంటే గోడలు కదలడం లేదని కన్ను చెబుతుంది. ఊగుతున్నామని లోపలి చెవి చెబుతుంది. ఈ తగువు తీరక మెదడు తికమక పడుతుంది. ఏసీ గదిలో ఉన్నా ఇదే తంతు.

బస్సులో వెనక సీటు ఎలా ఎగరేస్తుందో మీకు తెలుసు. ఓడలోనూ అంతే. మధ్య భాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. టిక్కెట్టు తీసుకునేటప్పుడే అక్కడ చోటు అడగండి. వికారం మొదలైతే డెక్ మీదకు వెళ్ళి, చల్లగాలిలో దూరంగా నీరు, ఆకాశం కలిసేచోట చూపు నిలపండి. పుస్తకం, సెల్‌ఫోను పక్కన పెట్టండి. వేపుళ్ళు వద్దు, ఇడ్లీ, పెరుగన్నం కొద్దికొద్దిగా తినండి. జనవరి నుంచి మార్చి వరకు సముద్రం కొంత నెమ్మదిగా ఉంటుంది. 2018 తిత్లీ తుపానును చూసినవారికి అక్టోబరు సంగతి చెప్పనక్కరలేదు.

వాంతుల మాత్ర బయలుదేరడానికి గంట, రెండు గంటల ముందే పడాలి. దానివల్ల మగత వస్తుంది. నీటికాసులు, ప్రొస్టేటు బాధ ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

వాంతులైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు లీటరు నీటిలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ సలహా యథాతథంగా పనికిరాదు. మన తోట కొబ్బరినీళ్ళలోనూ, ఓఆర్ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది. ఎంత తాగవచ్చో, వాంతులవుతుంటే ఏ బీపీ మాత్ర ఆపాలో ముందే మీ డాక్టరుతో రాయించుకోండి. నొప్పి మాత్రలు ఎవరిచ్చినా వద్దు. డయాలసిస్ చేయించుకునేవారు రెండు మూడు రోజుల ఈ ప్రయాణం పెట్టుకోకపోవడమే మేలు.

"నాకేం జబ్బు లేదు" అంటారా? కిడ్నీ జబ్బు మొదట్లో ఏ బాధా పెట్టదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఉద్దానంవారు టిక్కెట్టుకు ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

ఓడ ఎక్కగానే డాక్టరు ఎక్కడుంటారో కనుక్కోండి. నీళ్ళు కడుపులో నిలవకపోయినా, పూటంతా మూత్రం రాకపోయినా రేవు వచ్చేదాకా ఆగకుండా వెళ్ళి చెప్పండి. మొహమాటం వద్దు.