రసీదు మాసిపోయేలోపు

పెట్రోలు బంకులో, మందుల షాపులో, సూపర్‌మార్కెట్‌లో చేతికిచ్చే సన్నటి బిల్లుల మీద చాలావరకు సిరా ఉండదు. అవి థర్మల్ కాగితం (వేడి తగిలితే నల్లబడే పూత పూసిన కాగితం) మీద అచ్చవుతాయి. ఆ పూతలో రెండు పదార్థాలు ముఖ్యం. ఒకటి మామూలుగా రంగు కనిపించని అద్దకం. రెండోది దానికి రంగు తెప్పించే ఆమ్లగుణం ఉన్న రసాయనం. ప్రింటరు తల వేడెక్కిన చోట రెండూ కరిగి కలుస్తాయి. కలిసినంత మేరా నల్లటి అక్షరం కనిపిస్తుంది.

ఈ కలయిక గట్టిది కాదు. ఎండ, చేతికంటిన నూనె, శానిటైజర్‌లోని ఆల్కహాలు, ప్లాస్టిక్ కవర్లను మెత్తగా ఉంచేందుకు కలిపే రసాయనాలు అక్షరాలను వెలిసిపోయేలా చేస్తాయి. అందుకే జాగ్రత్తగా ప్లాస్టిక్ ఫోల్డర్లో దాచిన బిల్లు, సొరుగులో పడేసిన బిల్లుకన్నా ముందు తెల్లబడవచ్చు. లామినేషన్ చేయిస్తే ఇంకో రకం నష్టం. ఆ యంత్రం వేడికి కాగితం మొత్తం నల్లబడుతుంది.

చిక్కు ఎక్కడంటే, ఈ కాగితం కొద్దికాలమే నిలుస్తుంది. దాని అవసరం మాత్రం చాలాకాలం ఉంటుంది. ఫ్రిజ్ వారంటీ ఏళ్ల తరబడి నడుస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి 2 సంవత్సరాల్లోపు వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు కొన్నట్టు రుజువు చూపాలి. జీఎస్టీ కింద నమోదైన వ్యాపారి లెక్కలు, బిల్లులు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. ఇంటి మీద ఇంకో అంతస్తు వేసినప్పటి సిమెంటు, ఇనుము బిల్లులైతే ఆ ఇల్లు అమ్మే రోజున కావాలి. అమ్మకపు లాభం లెక్కించేటప్పుడు ఆ ఖర్చును తీసేయవచ్చు. ఆ రోజు ఇరవై ఏళ్ల తర్వాతైనా రావచ్చు.

కాగితం మాసిపోవడానికి, దాని అవసరం తీరడానికి మధ్య ఉన్న కాలాన్ని దాటించడానికి పనికొచ్చే పరికరాల్లో పోర్టబుల్ స్కానర్ ఒకటి. అది చపాతీ కర్ర అంత ఉంటుంది. చాలా మోడళ్ల బరువు అరకిలోకు మించదు. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ తీగతో కలిపితే చాలు, వేరే కరెంటు అక్కర్లేదు. కొన్నిటికి సొంత బ్యాటరీ ఉంటుంది. కాగితాన్ని ముందు పెడితే చిన్న రోలర్లు లోపలికి లాగి వెనక నుంచి వదులుతాయి.

లోపల జరిగేది ఇది. కాగితం వెడల్పంతా సెన్సర్లు (కాంతిని విద్యుత్తుగా మార్చే గింజలు) ఒకే వరుసలో ఉంటాయి. పక్కనే దీపాల వెలుగు. కాగితం ఈ వరుసకు దాదాపు ఆనుకుని కదులుతుంది. సెన్సర్లు ఒక గీత చదువుతాయి, కాగితం జరుగుతుంది, ఇంకో గీత చదువుతాయి. గీతలన్నీ కలిపితే పేజీ అవుతుంది. దూరం మారదు, వెలుగు మారదు, మన నీడ పడదు. ఫోన్ కెమెరా అలా కాదు. అది పై నుంచి ఒక్కసారిగా ఫొటో తీస్తుంది. వంకర, నీడ, ముడత అన్నీ అందులోకి వస్తాయి. తర్వాత యాప్ వాటిని అంచనాతో సరిచేస్తుంది. నెలకు నాలుగైదు కాగితాలుండే ఇంటికి ఫోనే సరిపోతుంది, స్కానర్ కొనడం అనవసరం. చిన్న వ్యాపారం ఉన్నవారికి, ఇంట్లో పెద్దవారి దీర్ఘకాల వైద్యం చూసుకుంటున్నవారికి మాత్రం యంత్రం శ్రమ తగ్గిస్తుంది. గుట్టగా ఉన్న కాగితాలు ఒకే తీరుగా, ఒకే కొలతతో వస్తాయి.

పరిమితులు కూడా ఆ నిర్మాణం నుంచే వస్తాయి. సెన్సరుకు ఆనుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి, మడత లేచిన చోట అక్షరం మసకబారుతుంది. పాస్‌బుక్కు, కుట్టిన పుస్తకం ఇందులో దూరవు. పాతబడి పెళుసెక్కిన స్టాంపు కాగితాన్ని రోలర్లలో పెట్టకూడదు, చిరగవచ్చు. వాటికి ఫోనో, జిరాక్స్ షాపులోని బల్ల స్కానరో మేలు. స్టేపుల్ పిన్ను తీయకుండా పెడితే లోపలి గాజుకు గీత పడుతుంది. ఒక్క చుక్క దుమ్ము ఉన్నా పేజీ పై నుంచి కింది దాకా నిలువు గీత వస్తుంది, ఎందుకంటే కాగితం కదిలినంతసేపూ ఆ చోటి సెన్సరు దుమ్మునే చూస్తుంది. అలాంటి గీత కనిపిస్తే యంత్రం పాడైందనుకోనక్కర్లేదు. మెత్తటి పొడి గుడ్డతో గాజు తుడిస్తే చాలాసార్లు పోతుంది.

ఇక అమరికలు. డీపీఐ అంటే ఒక అంగుళంలో ఎన్ని చుక్కలు చదవాలన్న లెక్క. మామూలు కాగితాలకు 300 సరిపోతుంది. ఆ లెక్కన ఒక ఏ4 పేజీ 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల పొడవు వస్తుంది, అంటే సుమారు 87 లక్షల చుక్కలు. రంగులో ఏ కుదింపూ లేకుండా దాచితే దాదాపు 26 ఎంబీ. 600కు పెంచితే చుక్కలు నాలుగింతలవుతాయి, చదవగలిగేది మాత్రం అంతగా పెరగదు. నలుపు తెలుపు అమరికను థర్మల్ బిల్లులకు వాడకండి. అందులో యంత్రం ప్రతి చుక్కనూ నలుపో తెలుపో ఏదో ఒకటిగా తేల్చేస్తుంది. సగం వెలిసిన అక్షరం తెలుపు లెక్కలో పడి మాయమవుతుంది. రంగు అమరికలో ఆ లేత బూడిదరంగు బతుకుతుంది, ముద్రలు, సంతకాల సిరా కూడా తెలుస్తాయి.

ఫైలు పరిమాణం తగ్గించేందుకు చేసే కుదింపు గురించి 2013లో జరిగిన ఒక విషయం తెలుసుకోవాలి. డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఇంటి ప్లాను స్కాన్ చూశాడు. మూడు గదుల వైశాల్యాలు వేర్వేరు. స్కాన్‌లో మూడింటికీ ఒకే అంకె ఉంది. ఆ స్కాన్ తీసిన జిరాక్స్ కంపెనీ యంత్రాల్లో జేబిగ్2 అనే కుదింపు పద్ధతి వాడారు. అది పేజీలో ఒకేలా కనిపించే చిన్న ముక్కలను వెతికి, ఒకదాన్నే దాచి, మిగతాచోట్ల దాన్నే అతికిస్తుంది. 6, 8 దాదాపు ఒకేలా కనిపిస్తే ఒకదాని చోట ఇంకొకటి పడుతుంది. అక్షరం మసకగా ఉంటే మనకు అనుమానం వస్తుంది. ఇక్కడ తప్పు అంకె చక్కగా, స్పష్టంగా ఉంటుంది, అనుమానమే రాదు. కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది. మన పనికి దీన్నుంచి రెండు జాగ్రత్తలు వస్తాయి. అంకెలున్న కాగితానికి ‘అతి చిన్న ఫైలు’ అనే ఎంపిక వద్దు. అసలు కాగితం పారేసే ముందు తేదీ, మొత్తం, బిల్లు నంబరు ఈ మూడూ తెర మీద సరిచూడాలి.

స్కాన్ చేసిన పేజీ కంప్యూటర్‌కు కేవలం బొమ్మ. అందులోని మాటలు వెతకాలంటే ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే ప్రక్రియ) కావాలి. దీనివల్ల పీడీఎఫ్‌లో బొమ్మ వెనక కంటికి కనిపించని పాఠం ఒక పొరగా చేరుతుంది. ఇంగ్లీషులో అచ్చయిన బిల్లులను ఇది బాగా చదువుతుంది. తెలుగు అచ్చునూ చదివే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఉచితంగా దొరికే టెసెరాక్ట్ వాటిలో ఒకటి. కాని ఒత్తులు, గుణింతాలు పైనా కిందా పేరుకునే మన లిపిలో పొరపాట్లు ఎక్కువ. చేతిరాత దస్తావేజుల విషయంలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

కాబట్టి అసలు పని ఫైలుకు పేరు పెట్టడంలో ఉంది. స్కానర్ కొన్నవారిలో చాలామంది ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. యంత్రం పెట్టే ‘స్కాన్ 0047’ లాంటి పేర్లతో వందల ఫైళ్లు చేరితే, కాగితాల గుట్ట కంప్యూటర్‌లోకి మారిందంతే. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు, ఆపైన ఎవరిది, ఏమిటి, ఎంత అన్నవి రాయండి. ఉదాహరణకు ‘2024-08-17 అమ్మ కంటి ఆపరేషన్ బిల్లు 38500’. కంప్యూటర్ పేర్లను ఎడమ నుంచి పోల్చి వరుస పెడుతుంది. సంవత్సరం ముందుంటే ఫైళ్లు కాలక్రమంలో అవే సర్దుకుంటాయి. రోజు ముందుంటే అన్ని సంవత్సరాల ఒకటో తారీకులూ ఒక్కచోట చేరతాయి. ఫోల్డర్లు అయిదారు చాలు: వైద్యం, ఇల్లు-భూమి, పన్నులు, చదువులు, వస్తువులు, వాహనం. అంతకంటే ఎక్కువైతే ఏది ఎందులో వేశామో మనకే గుర్తుండదు.

స్కాన్ అయ్యాక కాగితాన్ని ఏం చేయాలి? ఇక్కడ తప్పు జరిగితే దిద్దుకోవడం కష్టం.

వైద్యం కాగితాలనే తీసుకుందాం. ఆరోగ్య బీమాలో ముందు మనం కట్టి తర్వాత డబ్బు తీసుకునే పద్ధతిలో, కంపెనీ సాధారణంగా అసలు బిల్లులే అడుగుతుంది. ఇచ్చాక అవి మన చేతికి తిరిగి రావు. రెండో పాలసీ ఉంటే, మిగిలిన మొత్తం కోసం మొదటి కంపెనీ పరిష్కార పత్రంతో పాటు బిల్లుల నకళ్లు చూపాలి. అందువల్ల స్కాన్ చేయాల్సింది బీమా కవరు అంటించే ముందు, ప్రతి పేజీ, వెనకవైపు ముద్ర ఉంటే అదీ. క్లెయిము డబ్బు ఖాతాలో పడేదాకా ఒక్క చీటీ కూడా పారేయకూడదు. డిశ్చార్జి సమ్మరీ, ల్యాబ్ రిపోర్టులు, మందుల చీటీలైతే డబ్బుకు మించిన ఉపయోగం ఉంది. పదేళ్ల కిందటి క్రియాటినిన్ విలువ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష ఫలితం) కొత్త డాక్టరు చేతిలో ఉంటే, జబ్బు నిన్న మొదలైందా, నెమ్మదిగా పెరుగుతూ వచ్చిందా అన్నది ఆయన పోల్చి చూడగలరు. ఆ రిపోర్టులు చాలా ఇళ్లలో ఏ ఆస్పత్రి కవరులో ఉన్నవి ఆ కవరులోనే ఉండిపోతాయి. నా దృష్టిలో స్కానర్‌కు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

భూమి కాగితాల సంగతి పూర్తిగా వేరు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం కూడా అసలు పత్రమే ప్రాథమిక సాక్ష్యం. నకలును చట్టం చెప్పిన సందర్భాల్లోనే ఒప్పుకుంటారు. ఎలక్ట్రానిక్ రికార్డు చూపాలంటే దానికి ధ్రువపత్రం జతచేయాలి. ఎలక్ట్రానిక్ పత్రాలకు గుర్తింపునిచ్చిన సమాచార సాంకేతిక చట్టం, 2000 పరిధిలోకి వీలునామా రాదు. కాబట్టి అమ్మకపు దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, వీలునామా, డిగ్రీ పట్టా స్కాన్ చేసినా బీరువాలోనే ఉండాలి. మరి స్కాన్ ఎందుకు? దస్తావేజు పోయినా, తడిసినా, సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. దానికి దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ కార్యాలయంలో రిజిస్టరైంది అన్నవి తెలియాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ 1998లో ‘కార్డ్’ పథకంతో మొదలైంది. అంతకుముందువాటిలో కొన్నిటిని పాత సంపుటాల్లో వెతకాల్సి రావచ్చు. ఆ వివరాలున్న ఒక్క పేజీ స్కాన్ చేతిలో ఉంటే వెతుకులాట చాలా తగ్గుతుంది.

డిజిలాకర్‌లో ఉన్న ప్రతిదీ అసలుతో సమానమన్న అపోహ ఉంది. 2015లో మొదలైన ఈ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలో రెండు అరలున్నాయి. ప్రభుత్వ శాఖ గాని, బోర్డు గాని నేరుగా జారీ చేసిన పత్రాలకు 2016 నిబంధనలకు 2017లో చేసిన సవరణ అసలుతో సమానమైన విలువ ఇచ్చింది. మనం స్కాన్ చేసి అందులో పెట్టినవాటికి ఆ విలువ రాదు. అది భద్రమైన చోటు మాత్రమే.

భద్రత మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. విడి కాగితాలను దొంగిలించడం కష్టం. ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ, సంతకం అన్నీ ఒకే ఫోల్డర్లో ఉంటే ఒక్క చేతికి చిక్కితే చాలు. ఒకప్పుడు ఎన్నో ఫోన్లలో ఉన్న కామ్‌స్కానర్ యాప్ ఆండ్రాయిడ్ రూపంలో హానికరమైన భాగం ఉన్నట్టు 2019లో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. 2020 జూన్‌లో భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది. తీగతో కంప్యూటర్‌కు కలిపే స్కానర్‌కున్న పెద్ద సుగుణం ఇదే, కాగితం ఇల్లు దాటదు. షాపులో స్కాన్ చేయిస్తే ఆ కంప్యూటర్లోంచి, వాట్సాప్‌లోంచి ఫైలు తీసేయించాకే కదలండి. ఎవరికైనా ఆధార్ పంపాల్సి వస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలేమో అడగండి.

హార్డ్‌డిస్కు కూడా ఒకరోజు చెడిపోతుంది. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా ఉండాలని నిపుణులు చెబుతారు. కంప్యూటర్లో ఒకటి, విడి డిస్కులో ఒకటి, పాస్‌వర్డు పెట్టి క్లౌడ్‌లో (ఇంటర్నెట్ ద్వారా వేరేచోటి కంప్యూటర్లలో) ఒకటి ఉంటే ఆ లెక్క సరిపోతుంది.

మొదలుపెట్టేటప్పుడు బీరువా అంతా దించుకోకండి, ఆ పని మధ్యలో ఆగుతుంది. వారంటీ ఇంకా ఉన్న వస్తువుల థర్మల్ బిల్లులు ముందు తీయండి, అవి రోజురోజుకూ వెలిసిపోతున్నాయి. తర్వాత వైద్యం, ఆపైన భూమి. కొత్తగా వచ్చే కాగితాన్ని వచ్చిన వారంలోనే చేసేయండి. ఈ ఫోల్డర్ ఎక్కడుందో, పాస్‌వర్డు ఏమిటో ఇంట్లో ఇంకొకరికి కూర్చోబెట్టి చూపించండి. మీరు ఆస్పత్రిలో ఉన్న రోజున ఆ బీమా కాగితం వెతకాల్సింది వాళ్లే.