‘ఐ అగ్రీ’ నొక్కితే కన్జ్యూమర్ కోర్టుకి వెళ్లే హక్కు పోతుందా?

యాప్‌లో, ఫ్లాట్ అగ్రిమెంట్‌లో మనం చదవకుండా ఒప్పేసుకునే ఒక లైన్ ఉంటుంది: "గొడవ వస్తే ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలి, అదీ ఎవరికి వారే. అందరూ కలిసి కేసు వేయకూడదు." ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట మధ్యవర్తి తేల్చడం. ఉద్యోగంలో ఉండగా నేను ఆ ‘ఐ అగ్రీ’ స్క్రీన్లు కోడ్ చేశాను. బటన్ రంగు మీద గంటలు మీటింగులు జరిగేవి, లోపలి లైన్ గురించి ఒక్క మాట ఉండేది కాదు.

మరి ఆ లైన్ చెల్లుతుందా? అమెరికాలో చాలావరకు చెల్లుతుంది. ఫ్రీ ఫోన్ అని చెప్పి 30.22 డాలర్ల ట్యాక్స్ వేశారని ఏటీ అండ్ టీ మీద కాన్సెప్సియన్ కేసు నడిచింది. 2011లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో కంపెనీ వైపు తీర్పిచ్చింది. ముప్ఫై డాలర్ల కోసం ఒంటరిగా ఎవరు తిరుగుతారు చెప్పండి?

మన దగ్గర కథ వేరు. దాన్ని తేల్చిన కేసు మన రైతులదే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాలు నాసిరకమని, పంట పోయిందని ఆంధ్రప్రదేశ్ రైతులు కన్జ్యూమర్ ఫోరానికి వెళ్లారు. "అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ ఉందిగా" అంది కార్పొరేషన్. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. కన్జ్యూమర్ చట్టం ఇచ్చేది అదనపు దారి, క్లాజు చూపించి దాన్ని మూయలేరు అంది. 2015లో ఆర్బిట్రేషన్ చట్టం మారాక ఒక బిల్డర్ మళ్లీ ప్రయత్నిస్తే, 2018 డిసెంబర్‌లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులోనూ అదే జవాబు వచ్చింది.

ఇక అందరూ కలిసి వెళ్లడం. అవనిగడ్డ దగ్గర నలభై మంది ఒకే లాట్ వరి విత్తనం కొన్నారు, మొలక రాలేదు అనుకుందాం. 2019 చట్టం సెక్షన్ 35(1)(సి) ప్రకారం ఒకరిద్దరు అందరి తరఫున కేసు వేయొచ్చు. దానికి అనుమతి ఇచ్చేది కన్జ్యూమర్ కమిషన్, కంపెనీ కాదు. కానీ ‘అందరం నష్టపోయాం’ అంటే చాలదు. అందరి ప్రయోజనం ఒకటేనని కంప్లైంట్‌లోనే చూపించాలని 2021లో బ్రిగేడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి బిల్లులు, లాట్ నంబర్లు, ఏం అడుగుతున్నారో అన్నీ ఒకచోట పెట్టండి.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ముందు మీరే ఆర్బిట్రేషన్ ఎంచుకుంటే, తర్వాత కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్లడం కుదరకపోవచ్చు. కంపెనీ పంపిన కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆగండి. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, విజయవాడలో ఉండేవాళ్లు విజయవాడలోనే కేసు వేయొచ్చు.