కంజీర మీద ఉడుము తోలు: సంప్రదాయమా, నేరమా?

ఈ ఎపిసోడ్‌లో చిన్న వాయిద్యం గురించి, దాని వెనకాల ఉన్న పెద్ద ప్రశ్న గురించి మాట్లాడుకుందాం.

మీరు ఫోన్‌లో ఏదో చూస్తుంటే ఒక యాడ్ వచ్చిందనుకోండి. "ఒరిజినల్ ఉడుము తోలు కంజీర, పాత పద్ధతిలో చేసింది." ఫోటో బాగుంది, రేటు కూడా ఫర్వాలేదు. మీరు మృదంగం క్లాసుకి వెళ్తున్నారు, కంజీర కూడా నేర్చుకోవాలని ఉంది. ఆర్డర్ పెట్టేస్తారా? పెట్టే ముందు ఒక్క విషయం తెలుసుకోండి. ఆ ఆర్డర్‌కి మన దేశంలో కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు జైలు పడే అవకాశం ఉంది. అమ్మినవాడికే కాదు, కొన్నవాళ్ళకి కూడా.

ముందు కంజీర అంటే ఏమిటో చూద్దాం. కర్ణాటక సంగీత కచేరీలో మృదంగం పక్కన ఒకాయన అరచేతి కంటే కొంచెం పెద్దదైన గుండ్రటి వాయిద్యం ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో వాయిస్తుంటాడు చూడండి, అదే. పనస చెక్కతో చేసిన చట్రం, దానికి ఒక చీలికలో చిన్న లోహపు బిళ్ళలు, ఒక వైపు బిగించిన పల్చటి తోలు. అంతే. దీన్ని కచేరీ వేదిక మీదకి తెచ్చిన పేరు పుదుక్కోట మాన్‌పూండియా పిళ్ళైది. పందొమ్మిదో శతాబ్దం చివరి మాట అది.

ఆ పల్చటి తోలు ఉడుముది. ఎందుకు ఉడుమే? ఆ తోలు చాలా పల్చగా ఉంటుంది, బాగా సాగుతుంది. వాయించే ముందు లోపలి వైపు కాస్త నీళ్ళు చల్లితే శ్రుతి కిందికి దిగి, గుమ్మనే మంద్ర నాదం వస్తుంది. ఎడమ చేతి వేళ్ళతో నొక్కుతూ ఆ నాదాన్ని పైకీ కిందికీ జార్చొచ్చు. అంత చిన్న వాయిద్యంలోంచి అంత లోతైన శబ్దం ఎలా వస్తుందా అని ఆశ్చర్యపోతాం. అంటే ఇది ఫ్యాషన్ కోసం పెట్టుకున్న తోలు కాదు, నాదం కోసం పెట్టుకున్నది. కాబట్టి "ఎందుకు వాడారు, తప్పు కదా" అని పాతవాళ్ళని తిట్టడంలో అర్థం లేదు. వాళ్ళు వాడిన రోజుల్లో ఈ చట్టమే లేదు.

ఇప్పుడు చట్టం సంగతి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మన దగ్గర కనిపించే ఉడుము ఆ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. పులి, ఏనుగు ఉన్న జాబితా అన్నమాట. వేటాడటం నేరం. దాని తోలుతో వస్తువు చేయడం, అమ్మడం, కొనడం, దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. 2022లో చట్టాన్ని సవరించారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మొదటి షెడ్యూల్ జంతువు విషయంలో జైలుతో పాటు జరిమానా కూడా తప్పదు, అది కనీసం 25,000 రూపాయలు.

ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోట్లు మూడు ఉన్నాయి.

మొదటిది: "నేను చంపలేదు కదా." చట్టం అలా చూడదు. అలాంటి వస్తువు మీ దగ్గర దొరికితే, అది అక్రమంగా పెట్టుకున్నదే అని ముందు అనుకుంటుంది. కాదు అని నిరూపించుకోవాల్సిన పని మీదే. మామూలు కేసుల్లో నేరం నిరూపించాల్సింది ప్రభుత్వం. ఇక్కడ ఆ బరువు మన భుజం మీదకి మారిపోతుంది.

రెండోది: "ఇది మా తాతగారిది, పాతది." పాతదైతే దానికి యాజమాన్య పత్రం ఉండాలి. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోపు అటవీ శాఖలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి తెలియజేయాలి. పత్రం ఉన్నా అమ్ముకోవడానికి వీల్లేదు. పత్రం ఉండి, ఇక వద్దనుకుంటే నోటీసు ఇచ్చి ప్రభుత్వానికి అప్పగించొచ్చు. నష్టపరిహారం మాత్రం రాదు.

మూడోది: "ఫారిన్‌లో కొన్నాను, అక్కడ లీగలే." కొండచిలువ తోలు పర్సు, మొసలి తోలు బెల్టు, ఇలాంటివి కొన్ని దేశాల్లో షాపులో బహిరంగంగానే దొరుకుతాయి. కానీ సరిహద్దు దాటించాలంటే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది, దాని అనుమతి పత్రాలు కావాలి. మన ఉడుము ఆ ఒప్పందంలో మొదటి అనుబంధంలో ఉంది, అంటే వాణిజ్యానికి దారి దాదాపు మూసేసినట్టే. పైగా 2017 జనవరిలో మన దేశం పాము, మొసలి లాంటి సరీసృపాల తోళ్ళ దిగుమతినే నిషేధించింది. అక్కడి షాపు బిల్లు ఇక్కడి కస్టమ్స్ దగ్గర మిమ్మల్ని కాపాడదు.

సరే, చట్టం అర్థమైంది. మరి న్యాయం సంగతి? కామెంట్లలో మీలో కొందరు తప్పకుండా అడుగుతారు: "మేక తోలుకి లేని అభ్యంతరం ఉడుము తోలుకి ఎందుకు? రెండూ ప్రాణాలే కదా?"

మంచి ప్రశ్న, దాటేయకూడదు. మేకని మనిషి పెంచుతాడు, మాంసం కోసం కోస్తాడు, తోలు ఆ తర్వాత మిగిలేది. కోయడమే తప్పు అనేవాళ్ళ వాదన వేరు, దానికీ గౌరవం ఇవ్వాలి. కానీ ఒకటి మాత్రం నిజం. మేక తోలు వాడితే మేకల సంఖ్య తగ్గిపోదు. ఉడుముని ఎవరూ పెంచరు. ప్రతి తోలూ అడవిలోంచో, పొలం గట్టు మీంచో తీసుకొచ్చిందే. తోలు ఎప్పుడో చిట్లుతుంది, మళ్ళీ ఇంకోటి కావాలి. మరో ఉడుము. అది ఊరికే తిరిగే జంతువు కాదు. ఎలుకలు, పురుగులు, చచ్చిన జంతువులని తిని పొలాన్ని శుభ్రం చేసే జీవి. విషం లేదు, మన జోలికి రాదు. "ఉడుం పట్టు" అని మనం మాటల్లో పొగుడుతాం గానీ, ఆ పట్టు దాన్ని పట్టేవాళ్ళ నుంచి మాత్రం కాపాడలేకపోతోంది.

ఇంకో వైపు వాదన కూడా వినాలి. అమెరికాలో లూసియానా వైపు ఎలిగేటర్లు ఒకప్పుడు వేటకి బాగా తగ్గిపోయి, 1967లో అంతరించే జాబితాలోకి వెళ్ళాయి. రక్షణ వల్ల కోలుకుని 1987లో ఆ జాబితా నుంచి బయటకొచ్చాయి. ఇప్పుడు అక్కడ లెక్క ప్రకారం గుడ్లు సేకరించి ఫారాల్లో పెంచుతారు, తోలుకి ట్యాగ్ వేసి అమ్ముతారు. చిత్తడి నేలకి డబ్బు విలువ ఉంది కాబట్టి భూమి యజమానులు దాన్ని కాపాడుకుంటారు అని వాళ్ళ వాదన. అందులో నిజం ఉంది. కానీ అది నడవాలంటే లెక్క ఉండాలి, ట్యాగ్ ఉండాలి, తనిఖీ ఉండాలి. మన ఉడుము తోలుకి అవేవీ లేవు. రహస్యంగా వచ్చే తోలుకి లెక్క ఎవరు రాస్తారు?

మరి పట్టుకునేవాళ్ళ బతుకు? తమిళనాడులో ఇరుళర్లు ఒకప్పుడు పాము తోళ్ళ వ్యాపారానికి పాములు పట్టి బతికేవాళ్ళు. చట్టం వచ్చాక ఆ పని ఆగింది, కడుపు కాలింది. 1978లో రోములస్ విటేకర్ తోడుగా చెన్నై దగ్గర వాళ్ళ సహకార సంఘం మొదలైంది. పాముని పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలేస్తారు. ఆ విషం పాము కాటు మందు తయారీకి వెళ్తుంది. ఆ సముదాయంలోని వడివేల్ గోపాల్, మాసి సడయన్ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది. అదే చేతులు, అదే నేర్పు. కాకపోతే పాము బతికే ఉంటుంది. నిషేధం ఒక్కటే సరిపోదు, బతుకుదెరువు కూడా చూపించాలి అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కళ పోతుందేమో అనే భయానికి జవాబు మన దగ్గరే ఉంది. తోలుబొమ్మలాటలో ఒకప్పుడు దేవతల బొమ్మలకి, ముఖ్య పాత్రలకి జింక తోలు వాడేవాళ్ళు, మిగతావాటికి మేక తోలు. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో కళాకారులు మేక తోలు మీదే రాముణ్ణి, రావణుణ్ణి గీస్తున్నారు. ఆ తోలుతోనే దీపాల షేడ్లు చేసి అమ్ముతున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. తోలు మారింది, రాముడు మారలేదు.

కంజీరలో కూడా అదే జరుగుతోంది. మేక తోలు కంజీరలు, సింథటిక్ కంజీరలు దొరుకుతున్నాయి. నాదం అచ్చం ఒకటే అని నేను అబద్ధం చెప్పను. పాత నాదం చెవిలో ఉన్నవాళ్ళకి తేడా తెలుస్తుంది. కానీ సింథటిక్ దానికి నీళ్ళు చల్లే పని లేదు, ఏసీ హాల్లో శ్రుతి మారదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాంతోనే మొదలుపెడితే వాళ్ళ చెవికి అదే అలవాటవుతుంది.

చివరిగా, తోలు వస్తువు ఏది కొన్నా మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ జంతువుది? పెంచిందా, అడవిదా? కాగితం ఏది? "ఎక్సోటిక్", "రేర్", "పాత కాలం నాటిది" అనే మాటలు ఈ మూడింటికి జవాబు కాదు. అమ్మేవాడు తడబడితే ఆ చాట్ అక్కడితో ఆపేయండి. ఉడుము తోలు అని ధైర్యంగా యాడ్ పెట్టినవాళ్ళు కనిపిస్తే షేర్ చేసి పాపులర్ చేయకండి. స్క్రీన్‌షాట్ తీసి అటవీ శాఖకి పంపండి.

మీ గురువుగారి దగ్గర పాత కంజీర ఉంటే ఆయన్ని నిలదీయకండి. కూర్చుని మాట్లాడండి, పత్రం సంగతి గుర్తు చేయండి. మీ దగ్గర సింథటిక్ కంజీర ఉంటే దాని నాదం ఎలా ఉందో కామెంట్‌లో రాయండి, కొత్తగా కొనేవాళ్ళకి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.