సెంట్రల్ స్టేషను కింది నేల

టూంగాబీలో రైలెక్కి సిడ్నీ నగరానికి ఉద్యోగాలకు వెళ్ళివచ్చే మన సభ్యులకు సెంట్రల్ స్టేషను గురించి కొత్తగా చెప్పేదేముంది అనిపించవచ్చు. కాని రోజూ పరుగెత్తే చోటును నిలబడి చూసే తీరిక ఎవరికుంది? అందుకని ఈ నెల మేము ఆ స్టేషను సంగతులు కొన్ని రాస్తున్నాము.

సిడ్నీ రేవు పట్టణమే అయినా దాని పెద్ద స్టేషను రేవు ఒడ్డున లేదు. 1855 సెప్టెంబరు 26న మొదటి రైలు బయలుదేరినది ఊరికి దక్షిణాన రెడ్‌ఫర్న్ వైపున్న ఒక చిన్న షెడ్డు నుండి. (మన టూంగాబీలో రైలు ఆగడం 1880 ఏప్రిల్ 26న మొదలైంది.) ఊరు పెరిగిన కొద్దీ స్టేషనును నడిబొడ్డుకు, హైడ్ పార్కు వరకు తీసుకురావాలన్న ఆలోచన వచ్చింది. పార్కు పోతుందని జనం ఒప్పుకోలేదు. అప్పుడు అధికారుల చూపు పాత స్టేషను పక్కనే ఉన్న డెవన్‌షైర్ వీధి శ్మశానం మీద పడింది. బతికినవారి పార్కు దక్కింది, చనిపోయినవారి చోటు పోయింది.

ఆ శ్మశానం 1820 నాటిది. 1901 జనవరిలో ప్రభుత్వం ప్రకటన వేసింది: మీవారి అస్థికలను వేరే చోటికి మార్చుకోండి, ఖర్చు మాది, గడువు రెండు నెలలు. కొన్ని వేలమందికి బంధువులు వచ్చారు. దాదాపు 30,000 మందికి ఎవరూ రాలేదు. వారిని ట్రాము పట్టాల మీద బనరాంగ్ శ్మశానానికి తరలించారు. సముద్రాలు దాటి వచ్చి, నావాళ్ళు అనేవారు ఇక్కడ లేకుండా కన్నుమూసినవారు వీరిలో ఎందరో ఉండి ఉండాలి. అస్థికలు గోదావరిలో కలపడానికి సెలవు పెట్టి విమానమెక్కే మనకు ఈ సంఖ్య చదివితే మనసు కలుక్కుమంటుంది. రెండు నెలల గడువులో ఇంగ్లండుకో ఐర్లండుకో ఉత్తరం వెళ్ళి జవాబు రావడమే కష్టం!

తరలింపు పూర్తిగా జరగనూ లేదు. మెట్రో కోసం తవ్వుతుంటే 2019లో ప్లాట్‌ఫారాల కింద సమాధులు బయటపడ్డాయి. ఒక శవపేటిక మీది పేరు పలక చదవడానికి వీలుగానే ఉంది. ఆ మెట్రో 2024 ఆగస్టు 19న సెంట్రల్ మీదుగా నడవసాగింది.

ఇక భవనం. ప్రభుత్వ వాస్తుశిల్పి వాల్టర్ లిబర్టీ వెర్నన్ గీసిన ఇసుకరాతి కట్టడం 1906 ఆగస్టు 4న ప్రారంభమైంది. గడియార స్తంభం 1921లో గాని పూర్తికాలేదు, 85 మీటర్లు. దానికి ‘పనివాడి చేతిగడియారం’ అని పేరు. దూరప్రయాణపు పట్టాలు ఇక్కడితో ఆగిపోతాయి. విశాఖపట్నంలో హౌరా–చెన్నై మెయిలు తల మార్చుకొన్నట్టు, ఇక్కడికి వచ్చిన బండి వచ్చిన దిక్కుకే పోవాలి. 1916 ఫిబ్రవరిలో శిక్షణ గంటలు పెంచారని తిరగబడిన సైనికులు ఊరిమీద పడగా, ఈ స్టేషనులోనే ఒకరు తుపాకీ గుండుకు బలయ్యారు. ఆ తరువాత జరిగిన ఓటింగులో సారాదుకాణాలు సాయంత్రం ఆరుకే మూయాలని తేలి, 1955 వరకు ఆ నియమం సాగింది. భూమి లోపల వాడుకలోకి రాని రెండు ప్లాట్‌ఫారాలు కట్టి ఉన్నాయి. వాటి మీద ఇంతవరకు ఒక్క ప్రయాణికుడూ రైలెక్కలేదు.

సెలవురోజు వెళ్ళేవారు దగ్గరలోనే రీజెంట్ వీధిలో ఉన్న మార్చురీ స్టేషను కూడా చూడాలి. చూడడానికి చిన్న గుడిలా ఉంటుంది. 1869లో కట్టారు. ఇక్కడినుండి శవాలను రైల్లో రుక్‌వుడ్ శ్మశానానికి తీసుకువెళ్ళేవారు. వెంట వెళ్ళేవారికి రానుపోను ఒక షిల్లింగు. శవానికి టిక్కెట్టు లేదు. మన రైలు కూడా ఆ దారినే, లిడ్‌కోంబ్ మీదుగానే పోతుంది.