చిన్న అంగడి – పెద్ద చట్టం

ఒకరు వండినది మరొకరు కొని తినడం మొదలైన నాటి నుండి పాలకులు ఆ వంటపై ఒక కన్ను వేసి ఉంచవలసి వచ్చింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ధాన్యం, నూనె, ఉప్పు మొదలైన సరుకులను కల్తీ చేసేవారికి జరిమానా విధించాడు. ఇస్లామీయ నగరాలలో ముహ్తసిబ్ అనే అధికారి అంగళ్లు తిరిగి తూనికలను, సరుకులను పరీక్షించేవాడు. మన నెల్లూరు ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలో, 1918లో, మద్రాసు కల్తీ నిరోధక చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానంతరం దేశమంతటికీ వర్తించే ఆహార కల్తీ నిరోధక చట్టం 1954లో రూపొంది, 1955 జూన్ 1 నుండి అమలైంది.

ఇట్టి చట్టాలు అనవసరమని ఎవరూ అనజాలరు. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసినందున నంజువ్యాధి ప్రబలి అరవై మందికి పైగా మరణించారు. తినేవాని ప్రాణం అమ్మేవాని లాభం కంటె గొప్పది. ఇందులో వివాదం లేదు. అయితే చట్టం బరువు అందరి భుజాలపైనా సమానంగా పడుతున్నదా అన్నదే ప్రశ్న.

1954 చట్టం చిన్నవానికీ పెద్దవానికీ భేదం చూపలేదు. పాలలో వెన్నశాతం తగ్గినదని తేలితే, "నాకు తెలియదు, పోసినవాడు అట్లే పోశాడు" అని పాలవాడు చెప్పుకొన్నా ఆ మాట చెల్లేది కాదు. తెలియకపోవడం సమాధానం కాదని చట్టమే స్పష్టంగా చెప్పింది. అనేక నేరాలకు కనీస శిక్ష ఆరు నెలల కారాగారవాసం. ఫుడ్ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే అంగడి తలుపులు మూతపడే అలవాటు ఆ భయం నుండి పుట్టినదే.

ఈ స్థితిని కొంత మార్చినది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. దీని కింద లైసెన్సు నిబంధనలు 2011 ఆగస్టు 5 నుండి అమలులోకి వచ్చాయి. పాత చట్టం ఆనాటితో రద్దయింది. కొత్త చట్టం చిరు వ్యాపారిని వేరు చేసి చూసింది. తోపుడుబండి, గంపవ్యాపారం, చిన్న అంగడి, తాత్కాలికంగా వేసుకొనే పందిరి – వీటికి లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ చాలును. 2011 నిబంధనలు ఇందుకు ఏడాది అమ్మకం 12 లక్షల రూపాయలు మించరాదన్న హద్దు పెట్టి, రుసుమును సంవత్సరానికి 100 రూపాయలుగా నిర్ణయించాయి.

మన అల్లూరు పరిసరాలకు దీనిని అన్వయించి చూద్దాం. సముద్రంలో వేటాడి చేపలు తెచ్చే మత్స్యకారునికి ఈ చట్టం వర్తించదు. పొలంలో వడ్లు పండించే రైతుకూ వర్తించదు. కాని ఆ చేపలను కొని గంపలో పెట్టుకొని వీధివీధికీ తిరిగి అమ్మే స్త్రీ చట్టం పరిధిలోకి వస్తుంది. తెల్లవారకముందే ఇడ్లీ పొయ్యి వెలిగించే అవ్వ, రంజాన్ మాసంలో సాయంత్రం సమోసాలు వేయించే కుర్రవాడు, మొహరం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగకు తినుబండారాల అంగడి వేసేవాడు – అందరూ రిజిస్ట్రేషన్ పొందవలసినవారే.

దరఖాస్తు ఇచ్చిన ఏడు దినాలలో అధికారి అంగీకరించాలి, లేదా కారణం చూపి నిరాకరించాలి, లేదా తనిఖీకి వస్తానని తెలపాలి. ఏడు దినాలలో ఏ సమాధానమూ రాకపోయినా, ముప్పై దినాలలో ఏ నిర్ణయమూ తెలియకపోయినా వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చునని 2011 నిబంధనలు పలికాయి. తనిఖీలో శాంపిలు తీసుకొంటే దాని వెల చెల్లించాలి. శాంపిలును నాలుగు భాగాలు చేయాలి. ఒక భాగాన్ని గుర్తింపు పొందిన మరొక ప్రయోగశాలకు పంపమని కోరే హక్కు వ్యాపారికి ఉంది. పరిశుభ్రతలో లోపం కనిపిస్తే అధికారి లోపమేమిటో వ్రాసి, సరిదిద్దుకొనడానికి కనీసం పదునాలుగు దినాల గడువుతో నోటీసు ఇవ్వవచ్చును. సరైన కారణం లేక వేధించే అధికారికి సైతం చట్టం జరిమానా విధిస్తుంది.

మరి కష్టం ఎక్కడ? నూరు రూపాయలలో లేదు. దరఖాస్తు కంప్యూటరులో నింపాలి. నింపడం రానివారు మధ్యవర్తికి రుసుమును మించిన సొమ్ము సమర్పించుకొంటారు. ఆహార శాఖ ఒక్కటే కాదు – పంచాయతీ లేక మునిసిపాలిటీ అనుమతి ఒకటి, తూనికల ముద్ర ఒకటి, కార్మిక శాఖ నమోదు మరొకటి. ప్రతి గడప తొక్కడానికి ఒక పూట బేరం పోతుంది. పెద్ద హోటలుకు ఈ పనికి గుమాస్తా ఉంటాడు. ఇడ్లీ అవ్వకు తానే వంటమనిషి, తానే గుమాస్తా. ఒక్కొక్కసారి నియమం మంచిదైనా భారం చిన్నవానిపైనే పడుతుంది. గాయిటరు నివారణకై అయోడిన్ లేని ఉప్పును తినడానికి నేరుగా అమ్మరాదన్న ఆంక్ష 2006లో మరల వచ్చినప్పుడు, ఇసకపల్లి వంటి తీరాలలో చిన్న మళ్లు కట్టుకొన్నవారికి అయోడిన్ కలిపే యంత్రం కొనే స్తోమత ఎక్కడిది?

చట్టం ఇచ్చిన రక్షణ తెలియనివానికి అది లేనట్టే. "లోపమేమిటో వ్రాసి ఇవ్వండి" అని అడుగగలిగినవానికి తనిఖీ ఒక పాఠం. అడుగలేనివానికి అదే శిక్ష. ఈ అడిగే శక్తిని చదువుకొన్నవారే అందించగలరు.

విద్యార్థులారా! మీలో అనేకుల ఇండ్లకు ఆధారం ఇట్టి చిన్న అంగడియే. దరఖాస్తు నింపడం, నోటీసు చదివి చెప్పడం, మంచినీరు, మూత ఉన్న చెత్తడబ్బా, శుభ్రమైన చేతులు ఎందుకు అవసరమో బోధించడం మీ చేతనైన పనులు. ఏడాదికి ఒక సాయంత్రమైనా కళాశాలలో ఒక బల్ల వేసి, ఊరి చిరు వ్యాపారుల కాగితాలు ఉచితంగా నింపిపెట్టే ఏర్పాటు చేయవలసినదిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను. అది తినేవారికీ మేలు, అమ్మేవారికీ మేలు.