బండికేమీ కాలేదు

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్‌కు దాదాపు 50 కిలోమీటర్లు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ నల్లరేగడి నేలలో చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో పెద్దవాళ్లను అంబాసిడర్ కారు గురించి కదిపి చూడండి. "అది ఇనుమయ్యా! ఇప్పటివన్నీ రేకు డబ్బాలు" అంటారు.

బ్రిటన్‌లో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే మన అంబాసిడర్‌కు మాతృక. బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1950ల చివర్లో తయారీ మొదలై, 2014 మే నెలలో ఆగింది. అన్నేళ్లూ ముఖకవళికలు కాస్త మారాయేమో గానీ ఒళ్లు అదే.

అది ఆగిపోని బండి అనుకుంటే పొరపాటు. బాగానే ఆగేది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజనుకు అందేది కాదు. డ్రైవరు బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి, చెట్టు నీడన బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేసరికి బండి కదిలేది. ఇంజనుకు నిప్పురవ్వ అందించే ప్లాటినం పాయింట్లు మసిబారితే ఉప్పుకాగితంతో రెండు రుద్దులు. పెద్దవాళ్లకు ఉన్నది బండి మీద నమ్మకం కాదు, బాగుచేసుకోగలమన్న ధీమా. ఇప్పటి కారులో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరూ లేదు, ఆ పాయింట్లూ లేవు. అందుకే అది ఆగేదే తక్కువ. ఆగిందా, తడిగుడ్డకు లొంగదు.

ఇక గుద్దుకున్నప్పటి సంగతి. "బండికేమీ కాలేదు" అని మురిసిపోతాం చూడండి, ప్రమాదమంతా అక్కడే ఉంది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గోడను కొట్టిన కారు ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగితే, లోపల బెల్టు కట్టుకున్న మనిషి మీద అతని బరువుకు సగటున సుమారు 27 రెట్ల బలం పడుతుంది. 20 సెంటీమీటర్లే నలిగితే 80 రెట్లు. ఇనుము నలగకపోతే నలిగేది మనిషే. బేలా బరేన్యి అనే ఇంజనీరు 1950ల మొదట్లోనే ఈ కిటుకు కనిపెట్టి మెర్సిడెస్‌కు పేటెంటు తెచ్చాడు: ముందూ వెనకా నలగాలి, మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా ఉండాలి.

అనుమానముంటే 2009లో అమెరికాలో చేసిన పరీక్ష చూడండి. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ 2009 మాలిబూనూ అదే 64 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దించారు. పాతదాని డ్రైవరు గది కుప్పకూలింది. కొత్తదాంట్లో గది నిలబడింది.

కొత్తది కదా అని కళ్లు మూసుకుని కొనకండి. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు కార్లు 5 పరీక్షిస్తే, ఎయిర్‌బ్యాగులు లేని ఆ అయిదింటికీ పెద్దల రక్షణలో దక్కింది సున్నా నక్షత్రాలు. వాటిలో ఒకటైన పోలోకే రెండు ఎయిర్‌బ్యాగులు పెడితే 4 నక్షత్రాలు వచ్చాయి.

తాతగారి అంబాసిడర్‌ను అమ్మకండి. కడిగి, పూలదండ వేసి, ఊళ్లో పెళ్లికొడుకును ఊరేగించండి. పిల్లలతో రాత్రిపూట విరుదునగర్ నాలుగు వరసల రోడ్డెక్కేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లోనే ఉంచండి.